నల్లా వచ్చింది

మా మేడమీది రూమ్ కిరాయికి ఇయ్యమంటానవా మౌనికా? ఇద్దాం తియ్. అండ్ల ఒకప్పుడు చిసోమో ఉండె, అప్పుడు నువ్వు చిన్నపిల్లవు. ఆఫ్రికా పిలగాడు, మలావి అని దేశమట, ఈడ ఇంజనీరింగ్ సదువుకుందామని వచ్చిండు. చర్చిల పాట ఎత్తుకున్నడంటే పాస్టరయ్య గూడ నోరు మూసుకొని ఇనేటోడు. వచ్చిన కొత్తల నవ్వు మొఖమే. "అమ్మా, జర పచ్చిపులుసు" అనుకుంట గిన్నె పట్టుకొని దిగేటోడు. తెలుగు అంత నా కాడనే నేర్చుకున్నడు, అందుకే అట్ల వచ్చీరానిది.

ఆ నవ్వును తిన్నది మనోళ్లే, అబద్ధమెందుకు. బస్సుల పక్క సీటు ఖాళీగున్నా హనుమకొండ దాకా నిలవడే పోయేటోళ్లు. పోరగాళ్లు అడగకుంట ఫోటోలు గుంజుడు, ఎనకకెల్లి "ఏయ్ నల్లోడా" అని కూతలు. మనమేమన్న తెల్లగున్నమా, నన్ను చూడు, మాడిన పెంకోలె ఉంట. పిలగాడు మారు మాట్లాడకపోయేది. బయటికి అననిది లోపటికి పోతది గద బిడ్డా. రాను రాను దిగుడు బంద్, తినుడు బంద్. కిటికీకి పేపర్లు అతికించిండు. నిద్ర లేక కండ్లు ఎర్రగయినయి. దవాఖానకు పోదాం పా అంటే "ఐయామ్ ఫైన్ అమ్మా" అనుడే.

ఒకనాడు పొద్దుగాల పక్కింటి సమ్మమ్మ, ఆమె గొంతు నీకెరికే గద, మా మెట్ల కాడ నిలవడి "నల్లా వచ్చింది, నల్లా వచ్చిందే" అని ఒర్రింది. గల్లీ గల్లీ అంత బిందెలు పట్టుకొని ఉరుకుతాండ్రు. చిసోమో దబదబ దిగొచ్చిండు, ఒళ్లంత చెమటలు. "అమ్మా, రోజు పొద్దుగాల నన్నెందుకు ఒర్రుతరు? నేను రాలే గద, రూమ్‌లనే ఉన్న గద" అన్నడు. నాకు సమజ్ అయ్యేటాలకు జరసేపు పట్టింది. మన నీళ్ల నల్లా ఆ పిలగాని చెవుల నల్లోడయి కూసున్నది. ఇన్నొద్దులు గల్లీ అంత కలిసి తననే తరుముతాందనుకున్నడట. చెయ్యి పట్టి గుంజుకపోయి ధార కింద పెట్టిన. "ఇదీ నల్లా. నీళ్లు బిడ్డా, నిన్ను గాదు" అన్న. సమ్మమ్మ పకపక నవ్వింది. పీడ పోయిందని నేను గూడ నవ్విన.

చిసోమో నవ్వలే. "నిన్న బస్టాండుల నల్లోడా అనుకుంట రాయి ఇసిరిండ్రు అమ్మా, అది నీళ్లు గాదు. ఏది నీళ్లో, ఏది నేనో, ప్రతిసారి నిన్ను పిలిచి అడగాల్నా?" అన్నడు.

ఆ వారంలనే సామాను సదురుకొని పోయిండు, పరీక్షలు గూడ రాయలే.

ముందుగాల రూమ్‌కు సున్నమెయ్యాలె. ఎవలకంటివి, బ్యాంకోళ్లకా?