నేర్పి చెప్పించిన మాట

పేరు మోసిన గాయనికి మాజీ భర్త అతను. పాప ఎవరి దగ్గర పెరగాలో తేల్చే కేసులో జడ్జి గారి గదిలోంచి మాట్లాడి వచ్చిన ఎనిమిదేళ్ల కూతుర్ని కోర్టు వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టుకున్నాడు.

"నువ్వు నేర్పినట్టే చెప్పాను నాన్నా."

"ఏమని తల్లీ?"

"అమ్మ ఎప్పుడూ పాటలంటూ తిరుగుతుంది, నాకు అన్నం పెట్టదు అని."

"జడ్జి గారు నమ్మారా?"

"నమ్మారు. పాపం, బిస్కెట్లు కూడా ఇచ్చారు."

"మరెందుకా ఏడుపు?"

"బయటికి రాగానే అమ్మ ఎదురొచ్చి, 'ఆకలేస్తోందా బంగారం?' అంది. నాకు సిగ్గేసింది నాన్నా."

అతను కూతురి కళ్లలోకి చూడలేకపోయాడు.

"సిగ్గుపడాల్సింది నువ్వు కాదమ్మా. పద, ఆ మాట నేనే నేర్పానని చెప్పేస్తాను."

"చెప్తే నన్ను అమ్మకిచ్చేస్తారేమో!"

"ఇచ్చేస్తారు తల్లీ" అంటూ అతను లేచి, జడ్జి గారి గది తలుపు తట్టాడు.