వాయిదా ఎమ్మెల్యే గారు

అదేంటండీ సంజీవరావు గారూ, నల్లకోటు తొడిగినట్టే తొడిగి మళ్ళీ విప్పేస్తారేంటి? రేపల్లె నుంచి వరమ్మ గారు మొదటి బస్సుకే వచ్చి కోర్టు మెట్ల మీద కూర్చుందండి. ఇవాళ మీరు నిలబడి వాదించకపోతే ఆవిడ ఇల్లు మరిది పాలే!

"నా వల్ల కాదు నజీరూ" అంటే ఎట్టాగండీ? ఈ తెనాలి కోర్టులో ఇరవై రెండేళ్ళ నుంచి మీ గుమాస్తాని. కునుకు తీసే జడ్జి గారు కూడా మీ గొంతుకి సర్దుకుని కూర్చునేవారు. కాదంటారా?

ఆఁ? బుర్ర పనిచెయ్యడం లేదా? ఎప్పటి నుంచి? ఓహో, ఆ అసెంబ్లీ సంగతా!

సరే, జారిన మాట గట్టిదేలెండి. మన నగరం మండలం మురుగుకాలవ గురించి మాట్లాడటానికి లేచారు. కాగితాల కట్ట విప్పితే ఏముంది, కర్లపాలెం అన్నదమ్ముల పంపకాల దావా! కోర్టు అలవాటు ఊరుకుంటుందా? "కాగితాలు అందలేదు, వాయిదా ఇప్పించ ప్రార్థన" అనేశారు.

అవతల ప్రతిపక్షం పొద్దుటి నుంచీ సభ వాయిదా వెయ్యమనే కదండీ గోల! పాలకపక్షం మనిషే అడిగాడని బల్లలు చరిచారు. అబ్బబ్బ, ఏం చప్పుడు! టీవీలో చూసి అదేదో మీకు సన్మానం అనుకున్నానండి నేను.

ఆ దెబ్బకి రెండు వేల తొమ్మిదిలో టిక్కెట్టు ఇంకొకరికి పోయింది. బాపట్ల టీకొట్లలో కూడా మీ పేరు 'వాయిదా ఎమ్మెల్యే'.

ఇటు చూడండి సార్. ఆవేళ రైలెక్కేముందు హైదరాబాదు నేనూ వస్తానన్నానా? "కోర్టు సంగతులైతే నీకు తెలుసు గానీ, అసెంబ్లీ నీకేం అర్థమవుతుంది?" అన్నారు, కొత్త పీఏ ముందు. నవ్వుతూనే అన్నారు లెండి. నేనూ నవ్వాను.

కట్టలు మారాయని రైలు కదలకముందే చూశానండి. రెంటికీ ఒకే ఎర్రదారం. మురుగుకాలవ కాగితాలు నా చంకలోనే ఉన్నాయి. కిటికీ చువ్వ పట్టుకుని "జాగ్రత్తండీ" అన్నాను. అసలు మాట మాత్రం చెప్పలేదు.

ఒక్కసారి తడబడితే నేను గుర్తొస్తానని. అంతే! పదవి పోతుందనుకోలేదండి, అల్లా సాక్షి.

కాబట్టి పాడైంది మీ బుర్ర కాదండి. నా బుద్ధి.

అట్టా చూస్తారేంటి? తిట్టండి. పోనీ, రేపట్నించి వేరే గుమాస్తాని పెట్టుకోండి. ఇవాళ్టికి మాత్రం నేనే గతి. పదండి, మనది పన్నెండో నంబరు, పిలిచేస్తారు.