ఫోటోలో కనిపించిన వణుకు

అధ్యక్ష స్థానంలో ఉన్న మన డైరెక్టర్ గారికి, వేదిక మీద ఉన్న పెద్దలకు, డ్యూటీలు మార్చుకుని మరీ వచ్చిన నర్సులకు, మా విభాగంలోని చిన్నాపెద్దా డాక్టర్లకు, ముందు వరుసలో కూర్చుని నేనేం బయటపెట్టేస్తానో అని నా వంక అనుమానంగా చూస్తున్న మాస్టారు గారికి, భర్తగారైన ఆయన పక్కన తల వంచుకుని కూర్చున్న, ఇవాళ రిటైరవుతున్న మా మేడమ్‌కు నమస్కారం.

మేడమ్ కంటి డాక్టరుగా ఎంతమందికి చూపు తెప్పించారో నాకంటే ముందు మాట్లాడిన పెద్దలు చక్కగా చెప్పారు కాబట్టి నేను ఆ జోలికి వెళ్ళను. నేను ఆవిడ పురుగుల గురించి మాట్లాడతాను. (నవ్వులు) నవ్వకండి. ఈ ఆస్పత్రి వెనక తోటలో పొద్దున్నే మోకాళ్ళ మీద కూర్చుని, ఒక చామంతి పువ్వుకు జానెడు దూరంలో కెమెరా పెట్టుకుని, ఊపిరి బిగబట్టి ఉన్న మనిషిని చూసి, ఎవరో కళ్ళు తిరిగి పడిపోయారనుకుని స్ట్రెచర్ తెప్పించిన వాచ్‌మన్ గారు అదిగో, తలుపు దగ్గరే నిలబడి ఉన్నారు. అప్పటి నుంచే ఆవిడకు ‘పురుగుల డాక్టరమ్మ’ అన్న పేరు స్థిరపడిపోయింది.

ఆ కెమెరా లెన్సు మాస్టారు గారు పుట్టినరోజుకని కొనిచ్చినది. లెక్కల మాస్టారు కదా, తన జీవితంలో తప్పు చేసిన లెక్క అదొక్కటేనని ఆయన చెబుతుంటారు, ఎందుకంటే మర్నాటి నుంచి ఇంట్లో పొద్దుటి కాఫీ ఆయనే పెట్టుకోవాల్సి వచ్చింది. (నవ్వులు) పైగా గాలికి పువ్వు ఊగకుండా గొడుగు అడ్డం పట్టుకోవడం, నీడ పడిన వైపు వెలుతురు మళ్ళించడానికి తెల్ల అట్ట పట్టుకోవడం కూడా ఆయన పనే. ‘కదలకండి’ అని ఆవిడ అంటే, అది తేనెటీగతో అన్నారో తనతో అన్నారో తెలియక ఇద్దరూ కదలకుండా ఉండిపోయేవారట.

ఆ ఫోటోలు చూడని వాళ్ళు మనలో ఎవరూ ఉండరు. బయటి రోగులు కూర్చునే వరండా గోడ నిండా అవే. మనం కాలితో తొక్కేసి పోయే చీమ మొహం మీద అంత సన్నని నూగు ఉంటుందని, మందార కేసరం మీది పుప్పొడి ఒక్కో రేణువూ ముళ్ళ బంతిలా ఉంటుందని, తేనెటీగ వేషం వేసుకుని తిరిగే ఒక ఈగ ఉందని నాకు ఆ గోడే నేర్పింది. మా బ్యాచ్ వాళ్ళం కొత్తగా చేరినప్పుడు ఆవిడ మాకు చెప్పిన మొదటి పాఠం కూడా ఆ గోడ దగ్గరే. ‘రెక్కలు మసకగా ఉన్నా ఫరవాలేదు, కాళ్ళు మసకగా ఉన్నా ఫరవాలేదు. కన్ను మాత్రం స్పష్టంగా రావాలి. కన్ను రాలేదా, ఆ ఫోటో తీసెయ్యాల్సిందే’ అన్నారు. అంత దగ్గరి నుంచి తీసేటప్పుడు స్పష్టంగా కనిపించే మేర వెంట్రుక మందమే ఉంటుందట. మనిషి ఊపిరి వదిలితే చాలు, కన్ను పోయి మీసం స్పష్టంగా వస్తుంది.

ఇక నేను నిజంగా చెప్పాలనుకున్న విషయానికి వస్తాను. దీన్ని చెప్పడానికి మేడమ్ అనుమతి అడిగాను. ‘నీ ఇష్టం, పొడుగు చెయ్యకు’ అన్నారు. మొదటి సగాన్నే అనుమతిగా తీసుకుంటున్నాను.

కొన్నేళ్ళ కిందట, ఆవిడ పేరు బాగా మోగుతున్న రోజుల్లో, వరసగా కొన్ని వారాల పాటు ఆవిడ ఫోటోలు చెడిపోతూ వచ్చాయి. మొదట గాలి అనుకున్నారు. గొడుగు పట్టుకోవడం చేతకాలేదని మాస్టారు గారు తిట్లు తిన్నారు. తర్వాత లెన్సు పాడయిందనుకుని బాగుచేసే షాపుకు పంపారు. ఏ లోపమూ లేదని తిరిగి వచ్చింది. ఒక ఆదివారం మధ్యాహ్నం కిటికీలన్నీ మూసి, ఫ్యాను ఆపి, ఎండిపోయిన ఒక గులాబీ మొగ్గను భోజనాల బల్ల మీద పెట్టి ఆవిడ ఫోటోలు తీశారు. ఒక్కటీ సరిగ్గా రాలేదు. అప్పుడు కెమెరా మాస్టారి చేతికిచ్చి, ‘ఏదీ, మీరొకటి తియ్యండి’ అన్నారు. ఆయన తీసింది అద్దంలా వచ్చింది.

ఈ మాట నాకు మాస్టారు గారే చెప్పారు. ‘నేను సంబరపడిపోయానమ్మా. చూశావా, ఇన్నాళ్ళూ నన్ను గొడుగుకే పరిమితం చేశావు అని వేళాకోళం కూడా ఆడాను. తను ఫోటో చూసింది, తన కుడిచెయ్యి చూసుకుంది, లేచి వెళ్ళి కిటికీలు తెరిచింది. నాకు అప్పటికీ అర్థం కాలేదు’ అన్నారు.



ఇక్కడ డాక్టర్లు కానివాళ్ళ కోసం ఒక మాట చెప్పాలి. ఆ వణుకు బయటికి కనిపించేది కాదు. ఆవిడ సంతకం మారలేదు, చేతిలో కప్పు తొణకలేదు. ఆపరేషన్ బల్ల దగ్గర మణికట్టుకు ఆనిక ఉంటుంది, ఎన్నో ఏళ్ళ అలవాటు ఉంటుంది, కాబట్టి అక్కడ కూడా ఇంకా ఏ తేడా రాలేదు. ఏ రోగికీ ఏ హానీ జరగలేదు. ఆవిడ నోరు మెదపకపోతే ఇంకొంత కాలం ఎవరికీ తెలిసేది కాదు. తెలిసే రోజు ఎవరి కంటి మీద వచ్చేదో మాత్రం చెప్పలేం.

మర్నాడు సోమవారం. మొదటి ఆపరేషన్ మన దర్జీ తాతగారికి. అదిగో, మూడో వరుసలో ఉన్నారు. చుక్కలు వేసి, టోపీ తొడిగి, అన్నీ సిద్ధం చేశాం. మేడమ్ వచ్చి ఆయన పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నారు. ఆ మాటలు నేను పక్కనే ఉండి విన్నాను.

‘ఈ రోజు మీకు ఆపరేషన్ నేను చెయ్యట్లేదండీ.’

‘అదేంటి డాక్టరమ్మా, నా వల్ల ఏమైనా పొరపాటు జరిగిందా?’

‘మీ వల్ల ఏం లేదు. నా చెయ్యి వణుకుతోంది.’

తాతగారు ఆవిడ చెయ్యి పట్టుకుని కళ్ళ దగ్గరికి తెచ్చుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. ‘నాకేం కనపడట్లేదే?’

‘కనపడట్లేదనే కదా మీరు ఆపరేషన్‌కి వచ్చారు’ అన్నారు మేడమ్. (నవ్వులు)

అంత బరువు గుండెల్లో పెట్టుకుని, ఎదుటి మనిషి భయపడకూడదని నవ్వించగలిగిన మనిషి ఆవిడ. తాతగారు, ‘నేనూ చేతుల మీద బతికేవాణ్ణే. ఈ మాట బయటికి చెప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు. మీరు ఎవరిని చూపిస్తే వాళ్ళతోనే చేయించుకుంటా’ అన్నారు. మేడమ్ నన్ను చూపించారు. ఆపరేషన్ అయ్యేదాకా ఆవిడ పక్క మైక్రోస్కోపులో చూస్తూ, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ‘తొందర లేదు’ అన్న మాట తప్ప ఇంకేమీ అనలేదు. మర్నాడు కట్టు విప్పగానే తాతగారు ఆవిడ వంక చూసి, ‘డాక్టరమ్మా, మీరు ఇంకా చిన్నవారనుకున్నానే’ అన్నారు. (నవ్వులు)

అప్పటి డైరెక్టర్ గారు పిలిపించి, మీ పేరు చూసే జనం వస్తున్నారు, చేతికి చేసిన పరీక్షల ఫలితాలు వచ్చేదాకానైనా కొనసాగండి, ఎవరికీ కనపడలేదు కదా అన్నారు. ‘నాకు కనపడిందండీ’ అని లేచి వచ్చేశారు. పరీక్షల్లోనూ అదే తేలింది. ఆవిడ మళ్ళీ కత్తి పట్టలేదు.

ఇది చెప్పి ఆవిడను దేవతను చేసి కూర్చోబెడితే ఆవిడకే కోపం వస్తుంది, పైగా అది నిజం కూడా కాదు. ఆ వానాకాలమంతా కెమెరా బీరువాలోంచి బయటికి రాలేదు. నేను ఇంటికి వెళితే పెరటి తోట వైపు కిటికీకి వీపు పెట్టుకుని కూర్చునేవారు. అడిగిన మాటకు సమాధానం చెప్పేవారు, అంతే. ఒకసారి మాత్రం, ‘పొద్దున లేచాక ఈ చేతులతో ఏం చెయ్యాలో తెలియట్లేదే’ అన్నారు.  మాస్టారు గారు రోజూ ఆ తోటలో మొక్కలకు నీళ్ళు పోస్తూనే ఉన్నారు.

వానలు తగ్గాక ఒకరోజు వంకాయ రంగు పువ్వు మీద, తను ఎన్నడూ చూడని పచ్చటి పెంకుపురుగు కనిపించిందట. చూస్తూ ఊరుకోలేకపోయారు. నేలకు ఆనించే పొట్టి స్టాండు తెప్పించుకున్నారు, కెమెరాను తాకకుండా దూరం నుంచి నొక్కే మీట తెప్పించుకున్నారు, పురుగులు ఇంకా చలికి కదలలేని వేళ చూసుకుని వెళ్ళడం మొదలుపెట్టారు. ఆ తర్వాత తీసినవే గోడ మీద అన్నిటికంటే మంచి ఫోటోలు. ఇటు క్లాసులోనూ కొత్తగా చేరిన ప్రతి డాక్టరూ ముందుగా ఆస్పత్రి తోటలో ఒక చీమ కన్ను స్పష్టంగా ఫోటో తీసుకురావాలి, ఆ తర్వాతే మనిషి కన్ను అని రూలు పెట్టారు. చీమల వెంట పాకిన బాధితులు ఈ హాల్లో సగం మంది ఉన్నారు. ఇవాళ ఊళ్ళో నలుమూలలా ఆపరేషన్లు చేస్తున్న చేతులు వాళ్ళవే.

మేడమ్, ఇందాక అందరూ మీ చేతి చలవ అని పొగిడారు. నాకు మాత్రం మీరు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ఆ ఉదయమే ఎక్కువ గుర్తుంటుంది. రేపటి నుంచి మీ గది ఖాళీ. నాకు ఒకటే కోరిక. నా చేతికీ ఆ రోజు రావచ్చు. నాకు నేనుగా కనిపెట్టలేకపోతే మీరు చెప్పాలి. మొహమాటపడకుండా చెప్పాలి.

(వేదిక కింద నుంచి మేడమ్: ‘చెప్తాలే. ఇంక కూర్చో.’ నవ్వులు, చప్పట్లు)

ఇంతసేపు ఓపికగా విన్న మీ అందరికీ, ఆవిడను తోటకు, మాకు సమానంగా పంచి ఇచ్చిన మాస్టారు గారికి కృతజ్ఞతలు. మేడమ్ మాట ఇచ్చేశారు కాబట్టి, ధైర్యంగా సెలవు తీసుకుంటున్నాను.