తోడు కూర్చునే ఉద్యోగం

ఒహాయోలోని ఓ చిన్న కోర్టు వరండా. తన ఇంట్లో దూరిన దొంగ మీద సాక్ష్యం చెప్పాల్సిన ముసలావిడ బెంచీ మీంచి లేవడం లేదు. పక్కనే, బాధితులకు తోడుండే ప్రాసిక్యూటర్ ఆఫీసు ఉద్యోగిని.

"వాడి మొహం చూస్తే నా నోరు పెగలదమ్మాయ్. ఇంటికి పోతా."

"వాణ్ణి చూడకండి. చివరి వరుసలో నేనుంటా. నన్నే చూస్తూ చెప్పండి."

"తప్పు చెబితే తల ఊపుతావా?"

"ఊపితే జడ్జిగారు నన్ను బయటికి పంపేస్తారు. నవ్వినా అంతే."

"మరి నీకు జీతం దేనికే? బొమ్మలా కూర్చోవడానికా?"

"దానికేనండీ! ఎనిమిదేళ్ల అనుభవం. నాలా కూర్చునేవాళ్లు ఈ చుట్టుపక్కల లేరు."

ముసలావిడ ఫక్కున నవ్వింది. అంతలో లోపలినుంచి పిలుపొచ్చింది. ఆమె లేచి కోటు సర్దుకుంది.

"చివరి వరుస వద్దు. సరిగ్గా వాడి వెనకాలే కూర్చో."

"ఎందుకండీ?"

"నేను చూసేది నిన్నే. తననే చూస్తున్నాననుకుని వాడికి చెమటలు పట్టాలి."