హాల్బర్టా, లోరింగా

పెన్సిల్వేనియాలో హాల్బర్ట్ అనే చిన్న కాలేజీ. దాని భోజనశాల వెనక మెట్లు. ఏప్రిల్ ముప్పై, మధ్యాహ్నం మూడు గంటలు. మెట్ల మీద కూర్చున్నది అక్కడి వంటవాడు ఎమిల్ హుడాక్, స్కూలు నుంచి నేరుగా వచ్చిన అతని కూతురు కోరిన్.

"ఏడుసార్లు ఎగరేశాను నాన్నా."

"ఏమిటి ఎగరేసింది?"

"నాణెం. అమ్మే చెప్పింది. బొమ్మ పడితే హాల్బర్ట్, బొరుసు పడితే లోరింగ్."

"ఏం పడింది?"

"నాలుగుసార్లు బొమ్మ, మూడుసార్లు బొరుసు. అంటే ఇక్కడికే."

"నాణేన్ని అడిగితే దానికేం తెలుస్తుంది?"

"నీకు తెలుసుగా, నువ్వు చెప్పు మరి."

"చెప్పానుగా. లోరింగ్."

"ఎందుకు?"

"ఎందుకేమిటి? మంచి కాలేజీ."

"ఇది కాదా?"

"ఇదీ మంచిదే. కాస్త జరుగు తల్లీ, కాలు చాపుకోవాలి. పొద్దున నాలుగున్నర నుంచీ నిలబడే ఉన్నాను."

"బూట్లు విప్పెయ్యి."

"విప్పితే మళ్ళీ పట్టవు. పాదాలు వాచాయి."

"ఏ కాలేజీకి వస్తానో ఫోన్‌లో నొక్కి చెప్పడానికి రేపటితో గడువు అయిపోతుంది నాన్నా. వారం నుంచి ఇదే మాట. నిన్న మా లెక్కల టీచరు కూడా అడిగింది, ఇంకా తేల్చలేదా అని. నాకు విసుగొచ్చేసింది. నిజంగా విసుగొచ్చేసింది."

"నాకు మాత్రం రాలేదా?"

"నీకెందుకు? నువ్వు రోజూ ఒకటే మాట. లోరింగ్, లోరింగ్. కారణం అడిగితే చెప్పవు."

"చెప్పాను. వాళ్ళ లైబ్రరీలో కుర్చీలు బాగుంటాయన్నాను."

"కుర్చీల కోసం నాలుగేళ్ళు చదవాలా?"

"నది కనిపిస్తుంది కిటికీలోంచి."

"ఇక్కడా కనిపిస్తుంది. అదే నది! మనం ఇవతల ఒడ్డున, వాళ్ళు అవతల ఒడ్డున. అంతే తేడా. నువ్వే ఆలోచించు, రెండూ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. ఇక్కడ తొమ్మిదివందల మంది, అక్కడ తొమ్మిదివందల యాభై. అవే ఎర్ర ఇటుకలు, అదే తెల్ల గంటస్తంభం. ఇక్కడి విగ్రహానికి గడ్డముంది, అక్కడి విగ్రహానికి లేదు."

"చూశావా, తేడా ఉంది."

"నవ్వించకు. వాళ్ళు పంపిన పుస్తకాలు రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. రెండింటి అట్ట మీదా చెట్టు కింద ఓ పిల్ల చదువుకుంటూ ఉంది. ఒకే పిల్లేమో అని కాసేపు ముక్కూ మొహం పోల్చుకున్నాను కూడా."

"స్కాలర్‌షిప్పు?"

"రెండుచోట్లా ఒకటే ఇచ్చారని నీకు ముప్పైసార్లు చెప్పాను. నువ్వు వినడం లేదు."

"వింటున్నాను. అలసిపోయాను, అంతే."

"రెండుచోట్లా రాళ్ళ గురించి చెప్తారు, సంగీతం చెప్తారు, చరిత్ర చెప్తారు. మొదటి రెండేళ్ళు ఇష్టమైనవన్నీ చదివి తర్వాత ఒకటి ఎంచుకోవచ్చు. నాకేం కావాలో నాకింకా తెలియదు కాబట్టే ఇలాంటి కాలేజీ అనుకున్నాం. ఇప్పుడు కాలేజీనే ఎంచుకోలేకపోతున్నాను."

"అందుకే నేను ఎంచిపెడుతున్నాను. లోరింగ్ అని నొక్కెయ్యి. ఇంటికెళ్ళి పడుకో."

"లోరింగ్ వంటవాళ్ళ గురించి నువ్వేమనేవాడివి? వాళ్ళ సూపు గిన్నెలు కడిగిన నీళ్ళలా ఉంటుందని కదూ?"

"ఈ మధ్య బాగుపడ్డారట."

"ఎవరన్నారు?"

"ఎవరో. ఎవరైతేనేం?"

"ఎమిల్! ఓ ఎమిల్! ఇక్కడున్నావా? ఆ ఉల్లిపాయలెవరు తరుగుతారనుకున్నావు? అరె, కోరీ! నువ్వా?"

"బాగున్నావా రోజలీ అత్తా?"

"బాగున్నానో లేదో నా మోకాళ్ళని అడుగు. ఉండు ఉండు, లోపల క్యాబేజీ నూడిల్స్ మిగిలాయి, పళ్ళెంలో పెట్టుకొస్తా."

"వద్దత్తా, తినే వచ్చాను."

"ఎంత పొడుగైపోయావే! నడక రాని రోజుల్లో ఈ వంటింట్లో బంగాళాదుంపల బస్తాల మీద పడుకోబెట్టేవాళ్ళం నిన్ను. మరి, ఎటు వెళ్తున్నావు? తేలిందా?"

"ఇంకా లేదు. నాకైతే ఇక్కడికే రావాలనుంది."

"ఇక్కడికా? ఎమిల్, నువ్వింకా దీనికి…"

"రోజలీ, ఓవెన్‌లో రొట్టెలున్నాయి."

"రొట్టెలెప్పుడో తీశాను. దీనికింకా…"

"అయితే ఇంకో వాయి పెట్టు. వస్తున్నాను, వెళ్ళు."

"వెళ్తున్నా. వెళ్తున్నానయ్యా. చూడు కోరీ, మీ నాన్న మాట విను తల్లీ. ఈ ఒక్కసారికి విను."

"అత్తా, ఏంటి? ఏమంటున్నావు? వెళ్ళిపోయింది. నాన్నా, 'నువ్వింకా దీనికి' ఏంటి?"

"ఏమో. ఆవిడ మాట ఎప్పుడు పూర్తిగా అర్థమైంది గనక?"

"నా మొహం చూసి చెప్పు."

"చూస్తూనే ఉన్నాను."

"చూడ్డం లేదు. బూట్లు చూస్తున్నావు. నాన్నా!"

"సరే. చెప్తాను. నువ్వు తప్పుగా అనుకోకూడదు."

"అనుకోను."

"రేపు నువ్విక్కడ చేరావనుకో. రోజూ మూడు పూటలా ట్రే పట్టుకుని ఆ వరసలో నిలబడతావు. నీ పక్కన నీ స్నేహితులు. ఇవతల నేను, ఈ టోపీ పెట్టుకుని, గరిటె పట్టుకుని, గ్రేవీ కావాలా వద్దా అని అడుగుతూ."

"అయితే?"

"అయితే ఏముంది? బాగుండదు."

"నాకు సిగ్గేస్తుందనుకున్నావా? నాన్నా, నా మీద నీకున్న నమ్మకం ఇంతేనా?"

"నీకు కాదు."

"మరి?"

"నాకు. నాకే సిగ్గు. అదీ సంగతి. అడిగావు, చెప్పాను."

"నేను వరసలో నిలబడితే నీకు సిగ్గా?"

"అలా కాదు కోరీ…"

"అలాగే అన్నావు. ఇప్పుడే అన్నావు."

"సరే. అలాగే అనుకో."

"నేనెందుకు ఇటు రావాలనుకుంటున్నానో ఒక్కసారైనా అడిగావా?"

"ఎందుకు?"

"చెప్తే నవ్వకు. నా చిన్నప్పటి నుంచీ నువ్వు పొద్దున నేను లేవకముందే వెళ్ళిపోతావు. రాత్రి ఇక్కడ అందరికీ వడ్డించి, అంట్లు కడిగాక వస్తావు. వచ్చేసరికి నేను పడుకునుంటాను. ఇంట్లో నీ పళ్ళెం మీద ఇంకో పళ్ళెం బోర్లించి ఉంటుంది. అదే మనింటి భోజనం. ఊళ్ళోవాళ్ళ పిల్లలందరికీ నువ్వు రోజుకి మూడుసార్లు అన్నం పెడతావు. నాకు ఆదివారం ఒక్కపూట."

"పని అలాంటిది తల్లీ."

"తప్పని నేననడం లేదు. అనలేదు కూడా ఎప్పుడూ. ఇక్కడ చేరితే రోజుకి మూడుసార్లు కనిపిస్తావనుకున్నాను. 'గ్రేవీ కావాలా' అని అడిగితే, 'పొయ్యి నాన్నా' అందామనుకున్నాను. గంటస్తంభాలూ కుర్చీలూ కాదు. నాకు కనిపించిన తేడా అదొక్కటే."

"కోరీ…"

"నీకు సిగ్గని తెలియదు నాకు."

"కోరీ, విను…"

"విన్నాను. విన్నాను నాన్నా. ఫోను ఎక్కడ పెట్టాను? ఆ, ఇదిగో. లోరింగ్. పేరు, పుట్టినరోజు, 'వస్తాను', 'ఖచ్చితంగా వస్తాను'. రెండుసార్లు అడుగుతారెందుకో. అయిపోయింది."

"పంపేశావా?"

"పంపేశాను. 'మా కుటుంబంలోకి స్వాగతం' అని వచ్చింది. కాగితం ముక్కలు ఎగురుతున్నాయి తెర మీద. చూస్తావా?"

"వద్దు. మంచిపని చేశావు."

"అంత గట్టిగా ఊపిరి వదులుతావేం? అంత బరువుగా ఉన్నానా?"

"అదేం లేదు. నీకు తర్వాత తెలుస్తుంది. ఎప్పుడో ఒకప్పుడు తెలుస్తుంది."

"తెలిసినా తెలియకపోయినా నొక్కేశాను. ఇక వెళ్తాను. డెలేనీకి ఎలా చెప్పాలో ఏమో."

"డెలేనీ ఎవరు?"

"నాన్నా! తొమ్మిదో తరగతి నుంచీ నా పక్కన కూర్చుంటుంది. మనింటికి ఎన్నిసార్లు వచ్చింది! ఎర్రజుట్టు. వాళ్ళమ్మ స్కూలు బస్సు నడుపుతుంది."

"ఆ, ఆ పిల్లా. ఆ పిల్లకేం?"

"తనూ ఇక్కడికే వస్తోంది, హాల్బర్ట్‌కి. ఇద్దరం ఒకే గదిలో ఉందామనుకున్నాం. కర్టెన్ల రంగు మీద దెబ్బలాట కూడా అయింది. ఇప్పుడు తనొక్కతే."

"వస్తున్నాననేసిందా?"

"ఇంకా లేదు. వాళ్ళమ్మ బస్సు దిగి ఇంటికొచ్చాక ఇద్దరూ కూర్చుని పంపుతామంది. అయిదింటికి. ఇంట్లో మొదట కాలేజీకి వెళ్ళేది తనే, కేకు కూడా తెచ్చిపెట్టారు."

"ఇంకో కాలేజీ ఏదీ రాలేదా ఆ పిల్లకి?"

"వచ్చింది. ప్రభుత్వ యూనివర్సిటీలో సీటొచ్చింది. రేపు అది వదిలేస్తుంది. అంత పెద్దచోట తప్పిపోతానని భయం. ఇక్కడైతే టీచర్లకి పేర్లు తెలుస్తాయి అంటుంది."

"వదిలేస్తే మళ్ళీ ఇవ్వరా?"

"ఎలా ఇస్తారు? ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఏం? ఎందుకడుగుతున్నావు?"

"ఊరికే. ఊరికే అడిగాను."

"నాన్నా, ఏమైంది? మొహం అలా అయిపోయిందేం? నీళ్ళు తెమ్మంటావా?"

"వద్దు. టైమెంతయింది?"

"మూడూ ఇరవై."

"ఆ పిల్లని అక్కడికే పొమ్మను. యూనివర్సిటీకి."

"తనని కూడానా? తనకి వడ్డిస్తే నీకేం సిగ్గు?"

"పొమ్మను, అంతే."

"ఎందుకని అడిగితే ఏం చెప్పను? మా నాన్న చెప్పమన్నాడనా? అది ఏడుస్తుంది. నేను రావడం లేదు కాబట్టి తననీ రావద్దంటున్నాననుకుంటుంది."

"అనుకోనీ."

"అనుకోనివ్వను. నాన్నా, రోజలీ అత్త ఏం చెప్పబోయింది? నువ్వు సిగ్గని అన్నది నిజం కాదు కదూ?"

"కాదు."

"మరెందుకన్నావు?"

"ఏదో ఒకటి అనాలిగా. నువ్వు ట్రే పట్టుకుని వరసలో నిలబడితే నాకు సిగ్గా? నువ్వు పుట్టిన ఏడాదే నేనీ పనిలో చేరాను. ఎదిగి ఆ తలుపులోంచి లోపలికొస్తావని ఎన్నిసార్లు అనుకున్నానో నీకు తెలియదు."

"మరేంటి? చెప్పు!"

"మెల్లిగా. గొంతు తగ్గించు. పోయిన సోమవారం మమ్మల్నందరినీ కూర్చోబెట్టారు. వంటవాళ్ళు, తోటవాళ్ళు, బాయిలర్ చూసే ఆయన. యాజమాన్యం తరఫు పెద్దమనిషి ఒకడు నగరం నుంచి వచ్చాడు, నల్లకోటు. క్రిస్మస్ దాకానే అన్నాడు."

"ఏది క్రిస్మస్ దాకా?"

"కాలేజీ. ఆ తర్వాత తలుపులు తియ్యరు. మూసేస్తున్నారు కోరీ."

"మూసేస్తున్నారా? మరి రేపటికల్లా రమ్మని… నాకు నిన్న కూడా ఉత్తరం వచ్చింది, 'నీకోసం ఎదురుచూస్తున్నాం' అని…"

"జూన్ చివర్లో బయటపెడతారట. ఈలోగా ఎంతమంది చేరితే అంత మంచిదట. పిల్లలున్నారని చూపిస్తే ఎవరైనా వచ్చి నిలబెడతారేమోనని ఆశట. నాకు సరిగ్గా అర్థం కాలేదు. సంతకాలు మాత్రం పెట్టించుకున్నారు. నోరు విప్పితే ఆ రోజే ఇంటికి. విప్పకపోతే క్రిస్మస్ దాకా పని, ఆ తర్వాత ఇంకో ఆరునెలలు జీతం, వైద్య బీమా కార్డు."

"అమ్మకి తెలుసా?"

"తెలియదు. అమ్మ మందులు ఆ కార్డు మీదే కదా. చెప్పలేకపోయాను."

"అందుకని నన్ను మాత్రం అవతలికి తోసేశావు."

"తోసేశాను. నా పిల్ల వరకు చూసుకున్నాను. మిగతావాళ్ళ మొహాలు నాకు తెలియవనుకున్నాను. వారం రోజులుగా అదే అనుకుంటూ ఉల్లిపాయలు తరుగుతున్నాను. నాకేం తెలుసు, ఎర్రజుట్టు పిల్ల ఒకతి కేకు పెట్టుకుని కూర్చుందని."

"నూట యాభై మంది దాకా ఉంటాం ఈ ఏడు చేరేవాళ్ళం."

"తెలుసు."

"నాన్నా, నేను చెప్తాలే డెలేనీకి. ఎక్కడో విన్నానంటాను. నీ పేరు రాదు."

"నమ్ముతుందా?"

"తను నమ్ముతుంది."

"వాళ్ళమ్మ?"

"వాళ్ళమ్మ… ఏమో. ఎవరో పుట్టించిన మాట అంటుంది. కాలేజీకి ఫోన్ చేసి అడుగుతుంది. వాళ్ళు అలాంటిదేమీ లేదంటారు."

"అంటారు. ఖచ్చితంగా అంటారు."

"ఎమిల్! ఉల్లిపాయలు! నేనొక్కదాన్నీ ఎంతకని తరుగుతానయ్యా?"

"వస్తున్నా రోజలీ! ఒక్క నిమిషం! కోరీ, ఆవిడ బస్సు ఎన్నింటికి దిగుతుంది?"

"ఈపాటికి దిగే ఉంటుంది. ఎందుకు?"

"నంబరు ఉందా నీ దగ్గర?"

"ఉంది. నాన్నా, ఆగు. అమ్మ మందులు…"

"అమ్మకి రాత్రి నేనే చెప్తాను. కలుపు."

"మోగుతోంది. నాన్నా, ఇంకా ఆలోచించుకో. నేను మాట్లాడతాను, నేను…"

"ఫోనిలా ఇవ్వు. హలో, డెలేనీ వాళ్ళమ్మగారేనా? నేను కోరీ నాన్నని. లేదండీ, పిల్లలిద్దరూ బాగానే ఉన్నారు. అయిదింటికి ఏమీ పంపకండి, ముందు నా మాట వినండి. అవునండీ, కాలేజీ లోపలి నుంచే మాట్లాడుతున్నాను. ఎవరు చెప్పారని రేపు ఎవరడిగినా, హాల్బర్ట్ వంటవాడు ఎమిల్ హుడాక్ చెప్పాడని నా పేరే చెప్పండి."