వరస చివరి పిల్ల

హలో… ఆ, నేనే, నజీమాని. చెప్పు మల్లీశ్వరక్కా.

…లేదులే, మిషను ఆపేశా. జాకెట్లు రేపైనా కుట్టుకోవచ్చు. అన్నం తిన్నావా?… ఏందక్కా, పదకొండో రోజు కూడా అయిపాయె, ఇట్టా అయితే ఎట్టా?

…పుస్తకమా? నిన్నెవరడిగారు?… సబా వచ్చి అడిగిందా! అయ్యో, చదివే వంతు తనదనుకుని వచ్చుంటదిలే. నేను కేకలేస్తా. నీ దగ్గరే ఉంచుకో. పిల్లలకిచ్చే పుస్తకాలు నా పెట్టె నిండా ఉన్నయి, ఏ దేశం కథ కావాలంటే ఆ దేశంది ఇస్తా దానికి.

…ఏందీ? మళ్ళీ చెప్పు.

…పేజీలు తిప్పిన సద్దా?… ఫ్యాను గాలేమో… కరెంటే లేదా అప్పుడు?

…

ఏడవమాక. ఊఁ… తెలుసక్కా, నీ బిడ్డ సగమే చదివింది. నరసరావుపేట ఆస్పత్రికి పోతా కూడా ఆటోలో ఒళ్ళోనే పెట్టుకుంది గదా. జొరం తగ్గంగానే చదివేసి సబాకి చెప్తానంది. ఆ రూలు పెట్టింది కూడా మన హరితే… ఆఁ, కథ చివర చెప్పకుండా పుస్తకం ఇంకో గడప తొక్కగూడదని.

…ఆ చివర దానికి నేను చెప్పాలా? ఫోన్లోనా?

…సరే. పుస్తకం నీ దగ్గరుంటే ఏమాయె, ఎంతమంది పిల్లలకి చదివానో, నోటికొచ్చు. ఏ బొమ్మ దగ్గర మడత పెట్టింది?… పంపు, బిందెలు. ఆఁ, అక్కడే.

ఫోను దాని మంచం మీద పెట్టు. స్పీకరు నొక్కు… నొక్కావా?

అమ్మా హరితా, విను. ఎండలు మండే ఆ దేశంలో ఊరంతటికీ ఒకటే పంపు. వరస చివరి పిల్ల వంతొచ్చేసరికి రోజూ నీళ్ళయిపోతయి. ఇందాకా చదివావు గదా? తెల్లారి పిల్లలంతా బిందెలెత్తుకుని వెనక్కి తిరిగి నిలబడ్డారు. వరస తిరగబడింది. అందరికన్నా చివరున్న పిల్ల…

…

నావల్ల కాదక్కా. మీ అత్త ఉంది, నువ్వున్నావు, నీ పెద్దపిల్లలిద్దరున్నారు… మీ ఇంట్లో అందరికన్నా చివర పుట్టిందే… ఈ మాట నా నోటితో ఎట్టా అనేది? మార్చి చెప్తా.

…వద్దా? ఉన్నదున్నట్టా?

…సరే. యా అల్లా.

చివరున్న పిల్ల, అందరికన్నా ముందు పోయింది. అంతే తల్లీ, కథైపోయింది. ఇక్కడ ఎప్పుడూ అడుగుతా గదా, ఇది న్యాయమేనా అని. మీరంతా న్యాయమే అని ఇల్లెగిరేటట్టు అరుస్తారు…

హరితా. ఇది న్యాయమేనా?

…

…

కాదన్నావా అక్కా?… నువ్వనలా? కేకేసి చెప్పు, వినపడట్లా… వాకిట్లో ఉన్నావా! మరి లోపలెవరున్నారు?… ఎవరూ లేరా?

…

ఆగు. లోపలికి పోమాక. ఫోను అట్టానే ఉండనీ.

…

ఔను తల్లీ. నువ్వన్నదే నిజం. న్యాయం కాదు.

…హలో?… హరితా?… హలో…