మచ్చ బాతులు

“పక్కింటి అమృతమ్మ ఏమంటున్నదో ఎరికేనా? తోట కుంటల బాతు పిల్లలకు నల్ల మచ్చలు లేసినయంట. ఊరికి మంచిది కాదంట. పోయిన గత్తర రోగానికి ముందుగాల గూడ గిట్లనే ఓ కొంగ నల్లగయిందంట.”

నాగర్‌కర్నూలు సర్కారు తోటలో బాతులు కాసే ఖాసిం అప్పుడే ఇంటికి ఉరికొచ్చి కూలబడ్డడు. పెండ్లాం సుల్తానాబీ మాట అతని చెవికెక్కుతలేదు.

“ఊరి సంగతి తర్వాత. నా పానం సంగతి చూడు. తాలుక్దారు సాబు చూసిండే.”

“మచ్చలా?”

“మచ్చలే. హైద్రాబాదుకెల్లి నేను తెప్పించినయి పాల లెక్క తెలుపు, వాటి కడుపుల ఈ మచ్చలయి ఎట్ల పుట్టినయిరా అన్నడు. పిల్లల్ని మార్చి అమ్ముకున్నవ్ అన్నడు.”

“నువ్వేమన్నవ్?”

“చిన్నగున్నప్పుడు పచ్చగనే ఉండె హుజూర్, ఈకలు మారినంకనే గిట్లయినయ్, కృష్ణ దిక్కుకెల్లి అడవి బాతొచ్చి కలిసిందేమో అన్న. నవ్విండు.”

“మరి గదే చెప్పు! అడవి బాతే. గట్టిగ చెప్పు.”

“ఎవలు నమ్ముతరే? పోలీసు అమీనును పిలిపిస్తుండు. కాళ్ళు బొండకొయ్యల పెడ్తరు.”

“జర బువ్వ తిను.”

“బువ్వేందే! ఇప్పుడే దర్గా కాడికి పోత. అందరి ముందట చాదర్ మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్త. తెల్ల బాతు పెట్టిన గుడ్లే తెచ్చిన, మన కోడి కింద పొదగేసిన, ఒక్కటి గూడ మారలే అని.”

“ప్రమాణమా? వద్దు.”

“ఎందుకొద్దు?”

“వద్దంటున్న గదా.”

“అబద్ధమాడెటోడు భయపడాలె. నాకేంది?”

“పిల్లలు గలోళ్ళం. దర్గా కాడ ఊకె చెయ్యి పెట్టొద్దు.”

“ఊకెనా? నా చేతులతోటి గంపల పెట్టిన. ఆ నాడే జరమొచ్చి పడ్డ. యాది లేదా? పది దినాలు లేవలే.”

“యాదుంది.”

“మరి? కోడిని చూసుకున్నది నువ్వే. నువ్వే సాక్ష్యం. నడువ్, నువ్వు గూడ చెయ్యి పెడుదువు.”

“నేను రాను.”

“సుల్తానా... ఎందుకు రానంటున్నవ్? గుడ్లు ఎవలన్న మార్చిండ్రా? అమృతమ్మనా?”

“ఆమెనెందుకంటవ్, పాపం.”

“మరెవలు? చెప్పు! ఎవలు?”

“నీకు జరమొచ్చినప్పుడు ఇంట్ల గింజ లేదు. పది దినాలు నువ్వు తిన్నవి ఆ గుడ్లే. కోడి కిందియి తర్వాత ఈపనగండ్ల బాతులు మేపెటోళ్ళ కాడ అడుక్కొచ్చినయి.”